కోట నుంచి మూడు లాంతర్ల దాకా: మిగిలింది నిలుపుకుందాం

విజయనగరం పట్టణవాసులారా!

2020 మే నెలలో, లాక్‌డౌన్‌కు మనమంతా ఇళ్లలో ఉండగా, మూడు లాంతర్ల కూడలిలో పాత స్తంభాన్ని కూల్చేశారు. అయ్యో అన్నాం, నాలుగు రోజులు మాట్లాడుకున్నాం, ఊరుకున్నాం. అంతకుముందు కోటలో 1869 నాటి మోతీమహల్ పోయినప్పుడూ ఇంతే. ఇప్పుడు కోట నుంచి మూడు లాంతర్ల దాకా దారి పొడవునా పాత మేడలు ఒకటొకటిగా పోతున్నాయి. ఈసారీ ఊరుకుందామా?

ఇది ఏదో ఒక బజారు వీధి కాదు. పైడితల్లి అమ్మవారి పండుగ నాడు చదురుగుడి దగ్గర బయల్దేరి సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరిగేది ఈ దారినే. 1713లో కట్టిన కోట, 1885లో ఎనిమిది పలకలుగా లేచిన గంటస్తంభం ఈ ఊరి నడిబొడ్డునే ఉన్నాయి. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైందీ ఇక్కడే. సిరిమానోత్సవం నాడు లక్షల మంది వస్తారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లకు చూపించేది ఫ్లెక్సీలూ అద్దాల షోరూములేనా?

ఇళ్ల యజమానులకు నా మనవి: గోడ పెచ్చులూడిందని మేడను పడగొట్టకండి. సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చేయించండి. పైన సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోక లోపలి ఇటుక పాడవుతుంది. వర్తకులూ, చెక్కడపు పనినీ పాత తలుపులనూ బోర్డులతో కప్పేయకండి. కాలేజీ పిల్లలూ, ప్రతి పాత కట్టడాన్నీ ఫొటో తీసి, పెద్దలనడిగి దాని కథ రాసిపెట్టండి. నగరపాలక సంస్థ ఆ కట్టడాల జాబితా ప్రకటించాలి. జాబితాలో ఉన్నదాన్ని కూల్చాలంటే ముందుగా ప్రజలకు తెలియజెప్పి, అభ్యంతరాలు వినాలి.

'మనకెందుకు' అనేవాళ్లకు ఒకటే చెబుతాను. 2020 మేలో పోయిన స్తంభం ఏ ఒక్కరి సొంతమూ కాదు. అందుకే అడ్డం నిలబడ్డవాళ్లు కరువయ్యారు. ఊరంతటిదీ అయినదానికి ఊరే దిక్కు. వచ్చే సిరిమానుకు ముందే వార్డువారీగా సంతకాలు సేకరించి నగరపాలక సంస్థకు అందజేద్దాం. మీ వీధి సంతకాల కాగితం ఈ వారమే మొదలుపెట్టండి.