ఐమూల కమాను - మన చదువులు

కమాను అనే మాట పారసీకం నుండి ఉర్దూలోకి, తెలుగులోకి వచ్చినది. విల్లు అని దాని అర్థం. విల్లు వలె వంగి, నెత్తిన పడిన బరువును ఇరుప్రక్కల గోడలకు అప్పగించుట దాని పని. 1591 నాటి చార్మినారు కమానులను ఎరుగని విద్యార్థి మనలో లేడు. అయితే మేమిక్కడ ప్రస్తావింపదలచినది అట్టి తిన్నని కమానులను గురించి కాదు, వంతెనల క్రింద ఐమూలగా కట్టిన కమానులను గురించి. తెలుగు చెప్పేవారికి ఇంజనీర్ల విషయం ఎందుకని పాఠకులు అడుగవచ్చును. చివరి వరకు చదివినచో మా ఉద్దేశం బోధపడగలదు.

ఒక బాట ఒక కాలువను లంబకోణంలో దాటినప్పుడు చిక్కు లేదు. రాళ్ల వరుసలను ప్రక్క గోడలకు సమాంతరంగా పేర్చుకొంటూ పోతే కమాను నిలుస్తుంది. బాట ఐమూలగా వచ్చినప్పుడే చిక్కు. పూర్వం దీనికి సులభమైన ఉపాయమొకటి ఉండేది: బాటనే వంచి, వంతెన వద్ద తిన్నగా దాటించి, ఆవలి ఒడ్డున మళ్లీ వంచేవారు. ఎడ్లబండికి ఆ వంపు లెక్కలోనిది కాదు. కాని పద్ధెనిమిదవ శతాబ్దపు చివర ఇంగ్లండు, ఐర్లండు దేశాలలో పడవల కాలువలు, ఆ తరువాత రైలుమార్గాలు వచ్చినవి. వేగంగా పోయే రైలును వంతెన కోసం గిరుక్కున మలుపు తిప్పుట సాధ్యం కాదు. కనుక దారి కోసం వంతెనయే తన రూపు మార్చుకొనవలసి వచ్చినది.

రాళ్లను మునుపటి వలెనే పేర్చి కమానును ప్రక్కకు జరిపితే చాలదా? చాలదు. అట్లు పేర్చిన కమానులో బరువు వరుసలకు అడ్డంగా, ప్రక్క గోడకు లంబంగా నడుస్తుంది. కమాను ఐమూలగా ఉన్నందున, అంచులలోని కొన్ని రాళ్ల బరువు పోయే దిక్కున ఆవలి గోడ ఉండదు, గాలి మాత్రమే ఉంటుంది. ఆ రాళ్లకు ఆనిక లేదు. వాలు ఎక్కువైన కొలదీ ఆనిక లేని భాగమూ ఎక్కువవుతుంది.

ఐర్లండులో నాస్ పట్టణం వద్ద 1787లో ఒక కాలువ వంతెన కట్టుతూ విలియం చాప్‌మన్ అను ఇంజనీరు ఈ చిక్కును విప్పినాడు. రాళ్ల వరుసలను గోడలకు సమాంతరంగా కాక, కమాను ముఖానికి లంబంగా నడిపించినాడు. అప్పుడు ఆ వరుసలు కమాను కడుపున మరచుట్ల వలె మెలి తిరుగుతూ పైకి సాగుతవి. దీనిని గ్రహించుటకు ఒక కాగితం చాలును. దానిపై ఐమూలగా సమాంతర రేఖలు గీచి గొట్టం వలె చుట్టండి. తిన్నని రేఖలే మెలికలవుతవి. ఆ కాగితమే కమాను లోపలి తలం, ఆ రేఖలే రాళ్ల వరుసలు.

కాగితంపై ఇది సులభమే. కాని రాతిని ఆ మెలికకు తగినట్లు చెక్కుట ఎట్లు? ఇక్కడ మా మనస్సును ఆకర్షించిన పేరు పీటర్ నికల్సన్. స్కాట్లండులో 1765లో ఒక రాతిపనివాని ఇంట పుట్టినవాడు. కొయ్యపని నేర్చి, గణితాన్ని స్వయంగా అభ్యసించినవాడు. పనివాండ్రకు అర్థమయ్యే రీతిలో గ్రంథాలు వ్రాసినవాడు. రాతిపనిపై 1828లో వెలువడిన తన గ్రంథంలో, మెలిక తిరిగిన రాతిని చెక్కుటకు అచ్చులు తయారు చేసుకొనే విధానాన్ని వివరించినాడు. ఆ పద్ధతిలో, ముఖపు అంచులోనివి తప్ప, లోపలి రాళ్లన్నీ ఒకే ఆకారం గలవి. కనుక ఒక అచ్చుతో పని సాగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఎడ్వర్డ్ సాంగ్ అను గణితజ్ఞుడు 1835లో ఇంతకంటె శుద్ధమైన మరొక పద్ధతిని ప్రతిపాదించినాడు. అది శాస్త్రరీత్యా మేలైనదే. కాని రాళ్ల మందం చోటుచోటుకు మారుతుంది గనుక పని భారమైనది, ఖర్చు మిక్కుటమైనది.

లివర్పూల్ - మాంచెస్టర్ రైలుమార్గంపై రైన్‌హిల్ వద్ద జార్జి స్టీవెన్సన్ కట్టించిన రాతి వంతెన కథ కూడ తెలుసుకోదగినది. అక్కడ బాట రైలుమార్గాన్ని 34 డిగ్రీల కోణంలో దాటుతుంది. రాళ్లు పేర్చక ముందు ప్రక్క పొలంలో కొయ్యతో పూర్తి పరిమాణం గల నమూనాను నిలిపి చూచుకొన్నారట. 1830లో ఆ మార్గం ప్రారంభమైనది. ఆ వంతెన నేటికీ బాటను మోస్తున్నది.

ఉక్కు, కాంక్రీటు వచ్చిన తరువాత ఈ రాతి విద్యతో పనేమి అని కొందరనవచ్చును. కొత్త వంతెనలకు దాని అవసరం తీరినదన్న మాట నిజమే. మేము చెప్పదలచినది వంతెన కట్టుడని కాదు. చేతి పనికీ, పుస్తకానికీ నడుమ కట్టవలసిన వంతెన ఒకటి మిగిలి ఉన్నదని మాత్రమే.

కొన్నేండ్ల క్రిందట మా తరగతి విద్యార్థి ఒకడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట వ్యాపారమని వ్రాసినాడు. తండ్రి తాపీ మేస్త్రీ అని తరువాత తెలిసినది. అడిగితే తల వంచుకొన్నాడు. అబద్ధం వ్రాయరాదని మందలించి ఊరుకొన్నాము. ఆ తండ్రిని ఒకనాడు కళాశాలకు పిలిచి, కమాను ఎట్లు నిలుస్తుందో మన గణిత విద్యార్థులకు చెప్పించవలెనన్న ఆలోచన మాకు రాలేదు. తల వంచుకొనవలసినవాడు ఆ బాలుడు కాడని ఇప్పుడు తోచుచున్నది.

మన కళాశాలకు వచ్చే పిల్లలలో అనేకులు చదువుకు ఐమూలగా వచ్చినవారే. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, పాఠ్యపుస్తకంలో వేరొక భాష. తండ్రి చేతిలో ఒక విద్య ఉన్నది, కాని దానికి ఇక్కడ మార్కులు లేవు. ఇట్టివారిని మనం లంబకోణంలోనికి వంగి రమ్మంటున్నాము. వంగలేనివారు నడుమనే ఆగిపోతున్నారు. ఆనిక లేని అంచు రాళ్లు వీరే. దారిని వంచుట సులభం, వంతెనను మార్చుట కష్టం. కాని కష్టమైన ఆ పని చేసినందుననే రైలు ముందుకు సాగినది.

ఇది కాని పని కాదు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించినది. దానికి ముందే 1917లో ఏర్పడిన అనువాద విభాగం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పుస్తకాలను తెలుగులో వెలువరించినది. రెండు భాషలకూ ఈ శక్తి ఉన్నదని ఋజువైనది. లోపించినది మన పూనిక.

కనుక పాలకసంఘం వారికి మా విన్నపం మూడు మాటలు. గ్రంథాలయంలో చేతివృత్తులకు, వాటి వెనుకనున్న గణితానికి సంబంధించిన తెలుగు, ఉర్దూ పుస్తకాలకు ఒక బీరువా కేటాయించండి. ఏడాదికి ఒకసారియైనా ఒక పెద్ద మేస్త్రీని అతిథిగా పిలిచి, వేదికపై కుర్చీ వేసి మాట్లాడించండి. ఈ సంచికలో ప్రతి సంవత్సరం పనిముట్లను గురించి, పనితనాన్ని గురించి విద్యార్థులే రెండు భాషలలోను వ్రాసే వ్యాసానికి చోటివ్వండి. వీటికి అయ్యే వ్యయం వార్షికోత్సవపు పందిరి ఖర్చును మించదు.

విద్యార్థులకు మా మాట ఒక్కటే. నికల్సన్ తన తండ్రి ఉలిని దాచుకొనలేదు. ఆ ఉలికి గణితం నేర్పినాడు. మీరును దరఖాస్తులో ఆ గడి వద్దకు వచ్చినప్పుడు తాపీ మేస్త్రీ అని తలయెత్తి వ్రాయండి.