కుట్టుపెట్టె: ముగిసినవి, ముగియనివి

మార్గశీర్షము వచ్చినది. మా ఆదోనిలో నివి పత్తి దినములు. మార్కెట్టు యార్డునకు పోవు లారీలనుండి రాలిన దూది, బాట కిరుప్రక్కల తుమ్మకంపలకు చిక్కుకొని, కాలముగాని కాలమున పూచిన పూవులవలె కనబడుచున్నది. రాత్రులు చలి మొదలైనది. కావున మొన్న ఆదివారమున బొంతలు తీసి యెండలో వేయుదమని నా కుట్టుపెట్టెను ముంగిటికి దింపితిని. పెట్టె యన నొక పాత యినుపట్రంకు. దానిలోని వస్తువుల నన్నిటిని చాపపై పరచి రెండు రాసులుగ చేసితిని. ముగిసినవి అయిదు, ముగియనివి ఏడు. మా వారు పిల్లల పరీక్షపత్రములు దిద్దుచు తలయెత్తి చూచి, "ఈ విద్యార్థినికి నూటికి నలువది రెండు మార్కులు వచ్చునేమో" యని నవ్విరి. నాకును నవ్వు వచ్చినది గాని, ఆ ఏడింటిలో నొకదానిని చూడగా నవ్వు నిలువలేదు. దాని కథ చివర చెప్పెదను.

మొదట నా చిన్న నేరములు. మా వారికని మొదలుపెట్టిన ఊలుచొక్కా: వెన్నుభాగము మాత్రము పూర్తియైనది. ఒంటి మేజోడు: దాని జంట నేటికిని పుట్టలేదు. లేసుముక్కలు మూడు: నరసాపురపు సీమలో వేలకొలది స్త్రీలకు లేసు అల్లిక జీవనోపాధి, నాకు కాలక్షేపము గావున మూడును మూరెడేసియై నిలిచినవి. దిండుగలీబు ఒకటి: అంచు లేదు. ఏడవది బొంత.

ఇట్టి వస్తువులు మీ యిండ్లలోను ఉండకపోవు. వీనిని పెట్టె యడుగున దాచి, మరచినట్లు నటించుట మన యలవాటు. నేను ఈ మారు ఒక్కొక్కదానిని చేత బట్టి మూడు ప్రశ్నలు వేసితిని. ఇది యెవరికొరకు? వారికి నేడును దీని యవసర మున్నదా? ముగించుటకు తగిన సరుకు నాయొద్ద నున్నదా? మా వారు రెండేండ్లలో కొంచెము లావైరి. ఆ రంగు ఊలు అంగళ్లలో మరల దొరకలేదు. కావున ఊలుచొక్కాను విప్పివేసితిని. విప్పిన ఊలు వంకరలు తిరిగి యుండును. దానిని చిలుపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీట నానవేసి, పిండక నీడను వ్రేలాడదీసినచో, గొఱ్ఱె ఊలైన పక్షమున వంకరలు చాలవరకు తీరును. అక్రిలిక్కు నూలునకు అంత సుగుణము లేదు. దానిని పిల్లల బొమ్మలకు వాడుట మేలు. లేసుముక్కలు మూడింటిని కలిపి గలీబునకు అంచుగా కుట్టగా నాలుగు పనులు ఒక్కటై ముగిసినవి. ఒంటి మేజోడును మా అమ్మాయి దారపుకండెల సంచిగా తీసికొన్నది. ఒక్క దినమున ఆఱు తీరినవి. మిగిలినది బొంత.

బొంత యనగానే మనవారికి చులకన. పొందిక లేని వ్రాతను "అతుకులబొంత" యందురు. సంబంధము కుదిరిన చోట "గంతకు తగ్గ బొంత" యని పరిహసింతురు. సంస్కృతమున దీనికి కంథ యని పేరు. బంగాళదేశపు స్త్రీలు పాతచీరలతో కుట్టు కాంథా యను దుప్పటికి ఆ పేరే నిలిచినది. మా ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది గావున ఇచ్చట కన్నడపు మాటయైన కౌది యనునది కూడ వినబడును. కర్ణాటకమున ఉత్తరకన్నడ జిల్లాలో సిద్దీలను వారున్నారు. వారి పూర్వులు ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవారు. ఆ స్త్రీలు బొంత ముగించునపుడు నాలుగు మూలలను గుడ్డను మడచి ముక్కోణపు పూవులు కుట్టుదురు. అవి లేని బొంత వారి కంటికి ముగిసినది కాదు.

మా సీమలో బొంత కుట్టుటకు గుడ్డకు కొదువ లేదు. ఆదోని ఒకప్పుడు తివాచీలకును ప్రసిద్ధి. 1911 నాటి ఎన్సైక్లోపీడియా బ్రిటానికాలో ఈ యూరిని గూర్చి వ్రాసిన కొలది పంక్తులలో తివాచీలు, పట్టు, నూలు నేతలు, పత్తి మిల్లులు చెప్పబడినవి. ఎమ్మిగనూరు మాకు బస్సులో గంట ప్రయాణము. అది మగ్గముల యూరు. అచ్చట 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకారసంఘమును స్థాపించిరి; వారికి తరువాత పద్మశ్రీ బిరుదము లభించినది. మా అత్తగారు ఆ యూరి ఆడబిడ్డ, ఆ యూరి కోడలు కూడ. చిన్ననాట తండ్రి మగ్గమునకు కండెలు చుట్టిన చేయి, పెండ్లియైన పిదప భర్త మగ్గమునకు చుట్టినది.

బొంత కుట్టు విధానము ఆమెవద్దనే నేర్చితిని. ఒంటిమనిషి బొంతకు పాత నూలుచీరలు రెండు చాలును. చీర అయిదున్నర మీటర్లుండును. నడిమికి చింపగా రెండు ముక్కలు. అట్లు నాలుగు పొరలగును. పాలియెస్టరు చీరలు పనికిరావు. అవి చెమటను పీల్చవు. పైగా పొర పొరమీద జారి కుట్టును చెడగొట్టును. గుడ్డలను గంజి పోవునట్లు ఉతికి, ఎండబెట్టి, నేలపై ముడుత లేక పరచి, నాలుగు మూలల బరువు లుంచి, పెద్ద పెద్ద కచ్చాకుట్లతో పొరలను పట్టి యుంచవలెను. పైన అతుకులు అమర్చవలెను. పిమ్మట అంచునుండి మొదలిడి, నాలుగుప్రక్కల చుట్టుచు, వ్రేలెడు ఎడముతో వరుసవెంట వరుసగా లోనికి పోవలెను. కడపటి వరుస సరిగా నడుమకు వచ్చి ముగియును. కావున బొంతలో ఏ వరుస ముందుదో, ఏది వెనుకటిదో చూచినంతనే తెలియును. అది కుట్టినవారి దినచర్య వంటిది.

ఇక ఏడవ వస్తువు కథ.

పండ్రెండేండ్ల క్రిందట మా అమ్మాయి పుట్టినపుడు అత్తగారు ఈ బొంతకు పొరలు పరచిరి. లోపలి పొరలలో నొకటి స్వర్గస్థులైన మామగారు చివరిసారి నేసిన పంచె. పడుగు కడపట నేయుటకు వీలుగాక మిగులు నూలుపోగులను ఆమె ముడివేసి దాచియుండిరి. వానిని పెనవేసి కుట్టుదారముగా వాడిరి. పనులనడుమ ఏటికి కొన్ని వరుసలు సాగినవి. బయటి వరుసలు అచ్చువేసినట్లుండును. లోనికి పోను పోను వరుసలు వంకరలు తిరిగినవి. ఒక వరుస ప్రక్కదానిపైకి ఎక్కినది. కొన్నిచోట్ల కుట్టు పొరలన్నిటిని పట్టలేదు. మేము చూచితిమి. "అవ్వ కుట్టు వాగువలె పోవుచున్నది" యని అమ్మాయి నవ్వినది. నేనును నవ్వితిని. వయసువలని వణకు అనుకొంటిమి.

రెండేండ్ల తరువాత ఆమె గడప తట్టుకొని పడినపుడు గాని కంటివైద్యునొద్దకు పోలేదు. నీటికాసులని చెప్పిరి. ఈ జబ్బున కంటిలోని యొత్తిడి చూపునరమును మెల్లమెల్లగ చంపును. నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటి వస్తువు కనబడుచునే యుండును గావున రోగికే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును చుక్కలమందుతోనో శస్త్రచికిత్సతోనో కాపాడవచ్చును. ఆమెకు మిగిలినది చాల కొంచెము. బొంత మధ్యన జేనెడు జాగ ఖాళీగా నిలిచిపోయినది.

వచ్చే జూన్ మాసమున మా అమ్మాయి హాస్టలున్న బడికి పోవలసి యున్నది. ఆలోపల బొంతను ముగించి దానితో పంపవలెనని అత్తగారి కోరిక. సరే యని మొన్న మధ్యాహ్నము ఆమె నిదురించుచుండగా కూర్చుంటిని. పదిమంది ఆడపిల్లల నడుమ పరచుకొనునది గదా, వంకర లెందుకని తోచి, కత్తెర తీసి లోపలి మూడు వరుసలను విప్పి, తిన్నగా మరల కుట్టితిని. నా కుట్టు నాకే ముచ్చటగా నుండినది.

సాయంకాలము ఆమె బొంతను ఒడిలో వేసికొని వ్రేళ్లతో తడుముచు పోయి, ఒకచోట ఆగిరి.

"ఏమ్మా, ఇవి నా కుట్లు గావే."

నేను మాటాడలేదు.

"వంకర బోయినాయని ఇప్పినావా?"

"అవును అత్తమ్మా."

ఆమె కొంతసేపు ఊరకుండి, "అవి వంకర బోయినాయని నాకు ఎరికేనమ్మా. ఆ పొద్దే నాకు పక్క వరస కనపడలే. చెప్తే మీరు సూది పట్టనియ్యరని చెప్పలే" అనిరి.

సోదరీమణులారా! ఆమె దాచిన మాటను ఆ గుడ్డ రెండేండ్లు మా కన్నులయెదుట చెప్పుచునే యుండినది. చదువ నేర్చినదాననని, తాతగారియొద్ద భారత భాగవతములు పఠించితినని గర్వపడు నేను ఆ వరుసలను చదువలేక నవ్వితిని. చదువవలసిన దినము దాటిన తరువాత, చెఱిపివేసితిని.

ఆ రాత్రి నాకు ఎఱ్ఱన గుర్తునకు వచ్చెను. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు భారతము నారంభించి, అరణ్యపర్వమునడుమ విడిచెను. తిక్కన పదుమూడవ శతాబ్దమున విరాటపర్వమునుండి మొదలిడి కడదాక వ్రాసెను. నడుమ ఖాళీని పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. అట్లు పూరించుచు, అతడు నన్నయ ఆగిన పద్యమునొద్దనే అందుకొని, నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునికే ఆ భాగమును అంకితము చేసి, నన్నయ పేరనే చెప్పెను. నన్నయ నడక ననుసరించి మొదలిడి, తిక్కన నడకకు దగ్గరగా ముగించెనని పెద్దలందురు. చిన్ననాట ఈ మాటను నేను వల్లించితిని. ఒకరు విడిచిన పనిని మరొకరు ఎట్లు చేపట్టవలెనో ఆ రాత్రి తెలిసినది.

విప్పిన వరుసలను మరల వంకరగా కుట్టితినేని అది దొంగకుట్టగును. కావున ఆ మూడింటిని అట్లే యుంచితిని. పాత సూదిరంధ్రములు వాని ప్రక్కన ఇంకను కనబడుచున్నవి. ఎన్ని యుతుకులకు పూడునో చూడవలెను. తక్కిన ఆమె వరుసలలో దేనిని ముట్టలేదు. పొరలు పట్టనిచోట్ల మాత్రము వెనుకనుండి చిన్నకుట్టు వేసి బిగించితిని. నా తరువాతి వరుసను ఆమె చేయి పోయిన వంపువెంటనే నడిపి, ఒక్కొక్క చుట్టునకు కొంచెము కొంచెముగా తిన్నచేయుచున్నాను.

కడపటి వరుస ఆమెది. దానికొక యుపాయము చేసితిని. కుట్టవలసిన దారివెంట లావుపాటి పురికొసను కచ్చాకుట్టుతో అంటించితిని; ఎడమచేతి వ్రేలు దానిని తడుముచు పోవును. ఉదయము వంటకు ముందు పది సూదులకు దారమెక్కించి దిండునకు గ్రుచ్చి యుంచుచున్నాను. ఎదురెండ కన్నులను మిరుమిట్లు గొలుపును గావున, కిటికీకి వీపుపెట్టి కూర్చుండ పీట వేయుచున్నాను. ఆమె మధ్యాహ్నము బెత్తెడు కుట్టును. ఒకనాడు అదియును లేదు. జూన్‌లోపల ముగియునో లేదో. అమ్మాయి మాత్రము "ముగియకున్నను తీసికొనిపోయెదను, సెలవులకు వచ్చి అవ్వచేత కుట్టించుకొందును" అనుచున్నది. కావున ఈ మాసపు లెక్కలో బొంత ముగియనివానిలోనే యున్నది.

ఒక్క మనవి. మీ యింట పెద్దవారు కుట్టినది వంకరపోయినను, బియ్యములో రాళ్లు మిగిలినను, ముగ్గుగీత తప్పినను, దీపము చుట్టు రంగులవలయములు కనబడుచున్నవన్నను, నవ్వక కంటివైద్యునొద్దకు తీసికొనిపొండు. నలువది దాటినవారు, ముఖ్యముగా తల్లికిగాని తండ్రికిగాని ఈ జబ్బున్నవారు, చూపు బాగుగానే యున్నను కంటి యొత్తిడిని, చూపునరమును పరీక్ష చేయించుకొనవలెను. మా వారు పోయిన వారమే చేయించుకొనిరి. ఇంతవరకు భయము లేదన్నారు, ఏటేట చూపించుకొమ్మన్నారు.

మీ పెట్టెలలోని ముగియని వస్తువులను గూర్చి వ్రాయుడు. వచ్చు మాసమున, విప్పిన ఆ ఊలుతో చంటిపిల్లల టోపీ అల్లు విధము చెప్పెదను. ఈ మారు ముగించియే వ్రాసెదను.