గ్లవ్స్ విప్పిన తరువాత బాక్సర్‌కు దారేది?

ఉస్మానియా మైదానాల్లో చెమటోడ్చే జిల్లా కుర్రాళ్ల గురించి ఆలోచించాలి

నిజామాబాద్, (గ్రామీణ విలేఖరి): తెల్లవారుజామున తార్నాక చౌరస్తాలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిచేవారికి ముందుగా వినిపించేది బూట్ల చప్పుడు. ఇంకా వెలుతురు రాకముందే యువకులు గుంపులు గుంపులుగా ఆ చెట్ల కింది రోడ్ల మీద పరుగెడుతుంటారు. వీరిలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. కొందరు కానిస్టేబులు, ఎస్.ఐ. ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతుంటారు. కొందరు ఆటగాళ్లు. వారి మధ్య గాలిలో గుద్దులు విసురుతూ, తల అటూ ఇటూ తప్పించుకుంటూ, తన నీడతో తానే కొట్లాడుతున్నట్లు కనిపించేవాడు బాక్సర్ అని వేరే చెప్పనక్కరలేదు.

ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ పని చేస్తుంటే చూడముచ్చటగా వుంటుంది. ముప్పై దాటినవాడు అదే పని చేస్తుంటే చూసేవారికి కలిగే ఆలోచన వేరు. ఇంకెన్నాళ్లు? ఆ తరువాత ఏమి తిని బతుకుతాడు?

హైదరాబాదులో ఎవరో బాక్సర్ ఏమైతే మనకేమిటని పల్లెల్లో అనుకోవచ్చు. కాని నిజామాబాద్ జిల్లాకు ఇది ఇంటి సంగతి. ఈ జిల్లా పేరు బయట తెలిసింది పసుపు వల్ల కొంత, బాక్సింగ్ వల్ల కొంత. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం తెచ్చింది. ఉస్మానియాకు అనుబంధమైన దోమలగూడ ఎ.వి. కాలేజీలో డిగ్రీ చదివింది. 2015లో జలంధర్‌లో జరిగిన అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో ఉత్తమ బాక్సర్ అనిపించుకున్నది. 2017లో భుజం గాయంతో చాలాకాలం మూలన కూర్చున్నది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, మరుసటి ఏడు ఢిల్లీలో వరుసగా రెండుసార్లు ప్రపంచ విజేత అయింది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో 2 కోట్ల రూపాయలు ప్రకటించింది. 2024లో డి.ఎస్.పి. ఉద్యోగమిచ్చింది. ఇదంతా జిల్లాలో పిల్లవానికి కూడా తెలుసు.

తెలిసింది అంతవరకే కావడం వల్ల చిక్కు వస్తున్నది. డి.ఎస్.పి. భుజం మీది నక్షత్రాలు చూసి తల్లిదండ్రులు పిల్లలను గ్రౌండుకు పంపుతున్నారు. పంపడం మంచిదే. కాని ప్రపంచ విజేత అయ్యేది ఎందరిలోనో ఒక్కరు. మిగిలినవారు జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, అదృష్టముంటే జాతీయ పోటీలు ఆడి, ముక్కు ఎముక వంకరపోయి, వేళ్ల కణుపులు వాచి, ఇరవై ఎనిమిదో ముప్పయ్యో వచ్చేసరికి ఇంటి ముఖం పడతారు. వారి సంగతి ఏ పత్రికలోనూ రాదు.

దేహమే పెట్టుబడి

రైతు డెబ్బై ఏళ్ల వయసులోనూ గట్టు మీద నిలబడి పొలం పని చెప్పగలడు. వడ్రంగి చెయ్యి వయసుతో పాటు తిరుగుతుంది. బాక్సర్ సంగతి అలా కాదు. అతని దేహమే పెట్టుబడి, రౌండు రౌండుకూ అరిగిపోయే పెట్టుబడి. నిబంధన ప్రకారం 40 ఏళ్లు దాటినవారిని ఒలింపిక్ తరహా పోటీల్లోకి రానివ్వరు. మణిపూర్ వీరవనిత మేరీకోం ఆరుసార్లు ప్రపంచ విజేత. నలుగురు పిల్లల తల్లి అయి కూడా ఇంకా ఆడాలనే ఆశ చావలేదని, వయసు నిబంధనే అడ్డమని ఆమె 2024 జనవరిలో చెప్పుకున్నది. ఆమె అంతటి మనిషికే మానడం అంత కష్టమైతే మామూలువారి సంగతి చెప్పాలా?

బరువు బాధ మరొకటి. రైతు కుటుంబంలో తిండి దొరక్క పస్తులుండడం పాతతరం ఎరుగును. బాక్సర్ తిండి ఎదురుగా వుండి పస్తుంటాడు. తూకంలో అరకిలో ఎక్కువైనా పోటీకి అనర్హుడే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనాకు చెందిన వు యు చేతిలో ఓడిపోయింది. బరువు తగ్గడం కోసం రెండు రోజులు తిండి మానేశానని ఆ తరువాత చెప్పింది. పోషకాహారం మీద పరిశోధనలు చేసే జాతీయ సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చి తార్నాకలోనే వున్నది. దాని గేటు ముందు నుంచే పరుగెత్తే బాక్సర్లలో ఎంతమందికి ఎలా తినాలో, ఎలా బరువు తగ్గాలో చెప్పేవారున్నారన్నది అధికారులు ఆలోచించవలసిన విషయం.

ఇక తలకు తగిలే దెబ్బలు. 1928లోనే అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు, ఎక్కువకాలం దెబ్బలు తిన్న బాక్సర్లకు నడక తూలడం, మాట తడబడడం, బుద్ధి మందగించడం వస్తున్నదని రాశాడు. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మహమ్మదాలీ పేరు వినని పల్లె లేదు. 1980 జనవరిలో ఆయన భారతదేశం వచ్చాడు. ఢిల్లీ, మద్రాసు నగరాల్లో జనం విరగబడి చూశారు. అప్పటికి ఆయన రిటైరై వున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అదే ఏడు అక్టోబరులో, 38 ఏళ్ల వయసులో, మళ్లీ రింగులోకి దిగి లారీ హోమ్స్ చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. పదో రౌండు తరువాత ఆయన పక్షంవారే ఆట ఆపించవలసి వచ్చింది. 1981 డిసెంబరులో ఇంకొకసారి దిగి ఇంకొకసారి ఓడాడు. 1984లో పార్కిన్సన్ వ్యాధి బయటపడింది. సీతాకోకచిలుకలా ఎగిరిన మనిషి చేతులు ఆ తరువాత ముప్పై ఏళ్లు వణుకుతూనే వుండి, 2016లో కన్నుమూశాడు. జబ్బుకు దెబ్బలే కారణమా అన్నది డాక్టర్లు తేల్చవలసిన సంగతి. ఎప్పుడు మానాలో చెప్పే మనిషి పక్కన లేకపోవడం మాత్రం అందరికీ కనబడిన సంగతే.

పద్మశ్రీ ఇచ్చారు, మందులకు అప్పు మిగిలింది

ఆ పర్యటనలోనే ఢిల్లీలో అలీతో నాలుగు రౌండ్లు ప్రదర్శన పోటీ ఆడిన భారతీయుడు కౌర్ సింగ్. పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లా ఖనాల్ ఖుర్ద్ గ్రామానికి చెందిన రైతుబిడ్డ, సైనికుడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. అర్జున ఇచ్చారు, 1983లో పద్మశ్రీ ఇచ్చారు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ ఆడి, ఆపైన గ్లవ్స్ విప్పి ఊరికి పోయి వ్యవసాయం చేసుకున్నాడు. 2017లో గుండెజబ్బుతో ఆస్పత్రి పాలైనప్పుడు ఆ పద్మశ్రీ గ్రహీత మందుల కోసం ఒక ప్రైవేటు వడ్డీ వ్యాపారి వద్ద 2 లక్షల రూపాయలు అప్పు తెచ్చుకున్నాడు. ఆ సంగతి పత్రికల్లో వచ్చిన తరువాత సైన్యం కదిలింది. కేంద్ర క్రీడాశాఖ 5 లక్షలు మంజూరు చేసింది. 2023 ఏప్రిల్ 27న ఆయన మరణించాడు.

బాక్సింగ్‌కు తెలుగులో ముష్టియుద్ధమని పేరు. ఆ మాటలోని ముష్టి అంటే పిడికిలి. బిచ్చానికి కూడా మన భాషలో అదే మాట. అలీ ఎదుట నిలిచిన పిడికిలి అప్పు కోసం చాపవలసి వచ్చిందంటే అంతకన్న విచారకరమైనది వుండదు.

కేంద్రం క్రీడాకారులకు పింఛను ఇవ్వడం లేదని కాదు. 2018లో పెంచిన లెక్క ప్రకారం ఒలింపిక్ పతక విజేతకు నెలకు 20 వేలు, ఆసియా క్రీడల స్వర్ణానికి 14 వేలు. కాని అది అంతర్జాతీయ పతకాలు తెచ్చినవారికే. జాతీయ పోటీల్లో పదేళ్లు దెబ్బలు తిన్నవాడు ఆ పట్టికలోకి రాడు.

క్యాంపస్‌లో బాక్సర్ అంటే పాతతరం విద్యార్థులకు ఇప్పటికీ ఒక పేరే గుర్తుకొస్తుంది. భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ, బాక్సింగ్‌లోనూ పేరు తెచ్చుకున్న జార్జిరెడ్డి. 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు వద్ద కత్తిపోట్లకు బలైనప్పుడు అతనికి 25 ఏళ్లు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం వారిదైనా, చదువూ ఆటా ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చూపిన విద్యార్థి అతడని అందరూ ఒప్పుకోవాలి. అతనికి రిటైరయ్యే వయసే రాలేదు. వయసు వచ్చి రిటైరైనవారికి మాత్రం చదువు లేదు. అసలు చిక్కు ఇక్కడే వున్నది.

బాక్సర్‌కు తెలిసిన పని ఒక్కటే, బాక్సింగ్. రిటైరైనాక చేయగలిగిన మంచి పని అది నేర్పడం. ఇందుకు దృష్టాంతం కోసం దూరం పోనక్కరలేదు. నిఖత్‌కు మొదట గ్లవ్స్ తొడిగించింది నిజామాబాద్ కోచ్ సంసముద్దీన్. ఆయన ఒకప్పుడు తానూ బాక్సరే. ఆడపిల్లకు ఈ ఆటేమిటని ఊరు నొసలు చిట్లించిన రోజుల్లో ఆయన నేర్పాడు. ఆయన కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ చేరి, మోకాలి గాయం వల్ల రింగులోకి దిగకుండానే కాంస్యంతో తిరిగి వచ్చాడు. విశాఖలో ఐ. వెంకటేశ్వరరావు 2011లో ద్రోణాచార్య అవార్డు పొందిన బాక్సింగ్ కోచ్. అదే విశాఖకు చెందిన ఎన్. ఉష 2008 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నది. ఒక ఊళ్లో నేర్పేవాడు ఒక్కడు స్థిరంగా నిలబడితే ఇరవై ఏళ్లలో ఆ ఊరు ఏమవుతుందో ఈ రెండు ఊళ్లూ చెబుతున్నాయి. సంసముద్దీన్ ఆడిన రోజుల్లో గెలిచిన పతకాలెన్నో జిల్లాలో ఎవరూ లెక్క చెప్పలేకపోవచ్చు. ఆయన నేర్పిన పిల్ల పేరు మాత్రం అందరూ చెబుతారు.

అయితే సర్కారు కొలువులో కోచ్ కావాలంటే పాటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లమా అడుగుతారు. ఆ డిప్లమాలో చేరాలంటే డిగ్రీ వుండాలి. ఉస్మానియాలోనే వున్న వ్యాయామ విద్యా కళాశాలలో బి.పి.ఇడి. చేయాలన్నా డిగ్రీ కావాలి. బాక్సర్ ఏమి చేశాడు? పదో తరగతిలో జిల్లా పోటీలకు, ఇంటర్లో రాష్ట్ర పోటీలకు తిరిగాడు. పరీక్షల రోజుల్లో క్యాంపులో వున్నాడు. ఇంటర్‌తోనో, అది కూడా తప్పో, చదువు ఆగిపోయింది. పదిహేనేళ్లు నేర్చిన విద్య చేతిలో వుండి, కాగితం లేక సెక్యూరిటీ గార్డు పనికి, జిమ్ములో ఇనుము సర్దే పనికి కుదురుకోవలసి వస్తున్నది. తార్నాక, హబ్సిగూడల్లో అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి చెవులు, ముక్కు కాస్త పరీక్షగా చూస్తే కొన్నిసార్లు సంగతి తెలిసిపోతుంది.

ఆటగాళ్లకు ఉద్యోగాల్లో 2 శాతం కోటా వున్నదిగదా, ఇంకేమి కావాలని అడిగేవారున్నారు. కోటా కూడా చదువున్నవారికే అక్కరకొస్తుంది. గ్రూపు పరీక్షకు డిగ్రీ అడుగుతారే గాని పతకం అడిగి వూరుకోరు. రైల్వే, సైన్యం, పోలీసు శాఖలు కొందరిని ఆదుకుంటున్నాయి, అందుకు వాటిని మెచ్చుకోవాలి. వాటిలో చోటు దొరకనివారే ఎక్కువ.

చేయవలసిన పనులు కొండలు పిండి చేసేవి కావు. జాతీయ పోటీలు ఆడి మానిన బాక్సర్ల పేర్లు జిల్లాలవారీగా రాసి పెట్టాలి. ఈ రోజు వరకు వారెవరో, ఎక్కడున్నారో ఒక్క చోట లెక్క లేకపోవడం శోచనీయం. డిగ్రీ లేనివారికి రాతపరీక్ష కాక చేతి పని చూసి కోచ్ అర్హత ఇచ్చే పద్ధతి పెట్టాలి. రింగులో నిలబెట్టి పదిమంది పిల్లలకు నేర్పించమంటే అర్హత వున్నదో లేదో పావుగంటలో తెలుస్తుంది. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియాలో సైకిలు పందాల ట్రాకు వంటివి కట్టినప్పుడు కోట్లు దొరికాయి. ఏటా ఒక నెల రోజులు, ఆట మానబోయే బాక్సర్లకు అదే క్యాంపస్‌లో శిక్షణ తరగతులు పెట్టడానికి అంత డబ్బు అవసరం లేదు. హాస్టళ్లు వేసవిలో సగం ఖాళీగానే వుంటాయి. అలాగే ప్రతి బాక్సర్‌కు తలకు సంబంధించిన వైద్యపరీక్ష ఆటలో వుండగానే కాదు, మానిన తరువాత కూడా సర్కారు ఖర్చుతో జరగాలి.

సర్కారు చేసేవరకు ఆగలేనివారు తల్లిదండ్రులు. పిల్లవాడిని వెంటబెట్టుకుని కాచిగూడ రైలెక్కి, ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దిగి గ్రౌండు చూపించి వచ్చే తండ్రి అదే రోజు మరొక పని కూడా చేసుకుని రావచ్చు. 1977 నుంచి నడుస్తున్న ఉస్మానియా దూరవిద్యా కేంద్రం ఆ క్యాంపస్‌లోనే వున్నది. కాలేజీకి రోజూ పోకుండా డిగ్రీ చదివే వీలున్నది. పొద్దున సంచిని గుద్ది, మధ్యాహ్నం పుస్తకం పట్టుకునే బాక్సర్‌కు ముప్పై ఏళ్లు వచ్చేసరికి చేతిలో కాగితం వుంటుంది. దరఖాస్తు ఫారం దొరికే చోటు గ్రౌండు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరమే.