కడలి విడిచినదే కళకు చాలు

గత సంవత్సరం విద్యార్థులతో విహారయాత్రకై భీమునిపట్నం వెళ్ళినప్పుడు జరిగిన చిన్న సంఘటన ఇది. ఒక విద్యార్థి ఒడ్డున దొరికిన అందమైన గుల్లను చేతిరుమాలులో చుట్టి సంచిలో దాచుకొన్నాడు. తిరుగు ప్రయాణంలో సంచి కదలసాగింది. విప్పి చూడగా గుల్లలో నుండి ఒక పీత తొంగిచూచింది. బస్సంతా నవ్వులతో నిండిపోయింది. మరునాటి ఉదయానికి ఆ పీత మరణించింది. అప్పుడెవరికీ నవ్వు రాలేదు.

సముద్రతీరంలో లభించే వస్తువులతో కళాఖండాలు రూపొందించుట మంచి విద్య. గవ్వలు, ఆల్చిప్పలు, గులకరాళ్ళు, అలల తాకిడికి నునుపుదేలిన కొయ్యముక్కలు: పేద విద్యార్థికి ఇంతకన్న అనువైన ముడిసరుకు ఏమున్నది? తూత్తుకుడి ప్రాంతపు శంఖాలు వంగదేశానికి చేరి వివాహితల చేతులకు గాజులైనవి. గోవాలోని పాత ఇండ్ల కిటికీలకు గాజు పలకలకు బదులు పలుచని ఆల్చిప్పలను బిగించారు. ఆ జాతి ఆల్చిప్పలు మన కాకినాడ అఖాతంలోనూ ఉన్నవి. గుల్లలను కాల్చి సున్నం చేసి మన పూర్వులు ఇండ్లు కట్టుకొన్నారు.

కాని కంటికింపైనదంతా మనది కాదు. ఖాళీ గుల్ల సైతం మరొక ప్రాణికి ఇల్లే. అటువంటి పీత తన గుల్లను తాను నిర్మించుకొనలేదు. పెరిగినకొద్దీ మరింత పెద్ద గుల్లను వెదకుకొనవలసినదే. అంగళ్ళలో మెరిసే పెద్ద గుల్లలలో అనేకం ప్రాణముండగా పట్టినవే. పగడాలను, కొన్ని జాతుల గుల్లలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనికి తెచ్చుటకు కారణం ఇట్టి వ్యాపారమే.

అట్లయితే ఈ కళను మానుకొందమా అని మీరు ప్రశ్నింపవచ్చు. అక్కరలేదు. విరిగిన గవ్వలో, పగిలిన ఆల్చిప్పలో ఏ పీతా కాపురముండదు. అవి పిడికెడు చాలు. నిండు గుల్లకు వార్నిషు పూయుట ఎవరికైనా సాధ్యమే. పెంకు వంపును చూచి అందులో పక్షి రెక్కను, పూలరేకును కనుగొనుటే నేర్పు. ఉర్దూలో దానినే ‘హునర్’ అంటారు. ఆ మాటలో కళ, పనితనం రెండూ ఇమిడియున్నవి.

కమిటీ పెద్దలకు నాదొక మనవి. వారానికొక గంట ఈ హస్తకళకు కేటాయింపుడు. వార్షిక ప్రదర్శనలో విరిగిన పెంకులతో, కొట్టుకొని వచ్చిన కొయ్యతో చేసిన వస్తువులకే బహుమతి నియమింపుడు. విద్యార్థులారా, ఈసారి తీరానికి వెళ్ళినప్పుడు గుల్లను తిరగవేసి లోపల చూడండి. ఇంటివారున్నచో ఇల్లు వదలిరండి.