పారిజాతము - పరశువు

హైదరాబాదు నగరపు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల దారికి ఇరుప్రక్కల వసతిగృహములు, పోటీపరీక్షల శిక్షణకేంద్రములు బారులు తీరి యున్నవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు నడచుట ఆరంభమైనది. జిల్లాల నుండి ఉద్యోగార్థులై వచ్చిన యువతీయువకులకు ఈ ప్రాంతమే గురుకులము. ఇచ్చట తెలుగు సాహిత్యము ఒక్కొక్క మార్కు ప్రశ్నగా వల్లెవేయబడుచున్నది. ‘ద్రౌపది’ నవలాకర్త యార్లగడ్డ లక్ష్మీప్రసాద్, సాహిత్య అకాడెమీ పురస్కారము 2009. ‘విముక్త’ కథల రచయిత్రి ఓల్గా, పురస్కారము 2015. అంతటితో పాఠము ముగియును.

కాని ఆ గ్రంథములలోని వస్తువు పరీక్షాపత్రముతో ముగియునది కాదు. ప్రేమ యెచ్చట అంతమగును, అసూయ యెచ్చట ఆరంభమగును అను ప్రశ్న ఈ దారినే రక్తసిక్తమై కనిపించినది. 2023 ఫిబ్రవరిలో ఎల్.బి.నగర్‌కు ఆవలనున్న అబ్దుల్లాపూర్‌మెట్ వద్ద ఒక విద్యార్థి హతుడయ్యెను. ప్రేమవిషయమైన అసూయయే కారణమని పోలీసులు ప్రకటించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ఎల్.బి.నగర్‌లో ఒక యువతిపై దాడి జరుగగా ఆమె సోదరుడు ప్రాణము కోల్పోయెను. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల ‘ప్రేమోన్మాది’ యను మాట పత్రికల కెక్కును. ఉన్మాదమునకు ప్రేమ విశేషణ మగుట యెట్లు? ఈ సమాసమును మనము ఇంత సులభముగా అంగీకరించుటకు మూలము మన కథలలోనే వెదుకవలెను.

తెలుగువారికి అసూయ యనగానే తోచునది సత్యభామ. నంది తిమ్మన పారిజాతాపహరణములో, కూచిపూడి భామాకలాపములో ఆమె అలుక తెలుగు హృదయమున స్థిరపడినది. నారదుడు తెచ్చిన పూవు రుక్మిణికి దక్కెను, సత్య అలిగెను, కృష్ణుడు ఆమె పాదతాడనమును సైతము చిరునవ్వుతో సహించెను. ఈ అసూయ కోరినది ఒక చెట్టు. ఆ చెట్టు పెరటిలో నాటగనే కోపము చల్లారినది. దీనిని చదివి, అసూయ లేని ప్రేమ ప్రేమయే కాదని యనుకొనుట సులభము.

అయితే పురాణములలో మరియొక అసూయ కలదు. మహాభారత వనపర్వములో రేణుక స్నానమునకై వెడలి, జలక్రీడలాడు చిత్రరథుని చూచి ఒక్క క్షణము చలించినది. జమదగ్ని ఆమె తల నరుకుమని కొడుకుల నాజ్ఞాపించెను. నలుగురు ఒల్లక శాపము పొందిరి. పరశురాముడు పరశువెత్తెను. సత్యభామ అసూయ పారిజాతమును కోరగా, జమదగ్ని అసూయ శిరస్సును కోరినది. ఒకటి శృంగారమని, రెండవది ధర్మమని మనము పేర్లు పెట్టుకొంటిమి.

నేటి రచయితలు ప్రశ్నించుచున్నది ఈ పేర్లనే. ఓల్గా ‘విముక్త’లోని ఐదు కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను వేరువేరుగా కలిసికొనును. రాముని కోరినందుకు ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖ అచ్చట పగతో రగులుట లేదు, తోట పెంచుచున్నది. ఆదికథలో సీతకు ప్రత్యర్థిగా నిలిచిన స్త్రీ ఇచ్చట స్నేహితురాలైనది. ఒకనాటి తిరస్కృతికి ఆవల బ్రతుకు కలదని చెప్పుటకు ఇంతకంటె సూటియైన దృష్టాంతము దుర్లభము.

‘ద్రౌపది’ నవల విషయమై తీవ్రమైన వాదము చెలరేగినది. పాండవపత్ని కోరికలను బాహాటముగ చిత్రించుట అపచారమని పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. పూజ్యముగ తలచు పాత్రను తాకువాడు బాధ్యతతో తాకవలెను. కాని ప్రశ్న మాత్రము క్రొత్తది కాదు, వ్యాసునిదే. మహాప్రస్థానమున ద్రౌపది మొదట కూలినప్పుడు, ఆమెకు అర్జునునిపై పక్షపాతముండుటయే కారణమని ధర్మరాజు పలికెను. పలికినవాడు ఆ ఐదుగురు భర్తలలో ఒకడు. అది ధర్మనిర్ణయమా, చిరకాలము దాచుకొన్న నొప్పియా? ఈ సందేహమునకు చోటిచ్చిన ఇతిహాసము నవలకు తావిచ్చినట్లే.

చట్టము ఆలస్యముగనైనను మేల్కొన్నది. 2013లో శిక్షాస్మృతిని సవరించి, వెంటబడి వేధించుటను, ఆమ్లపు దాడిని ప్రత్యేక నేరములుగ చేర్చిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో ఇవి 78, 124 సెక్షనులు. కాని చట్టము చేయి ఎత్తిన పిదప వచ్చును. చేయి ఎత్తకమునుపు మనస్సుతో మాటాడవలసినది సాహిత్యము, దానిని బోధించు ఉపాధ్యాయుడు.

తరగతిలో పారిజాతాపహరణ పద్యమునకు ప్రతిపదార్థము చెప్పునపుడు అలంకారముతో ఆగక, ప్రక్కనే రేణుక కథను నిలుపవలెను. తండ్రి మాటను కాదన్న ఆ నలుగురు కొడుకులు రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు. ఆజ్ఞ పాటించినవాని పేరు లోకమునకు తెలియును. కాదన్నవారి పేర్లు పిల్లలకు తెలియవు. మొదట నేర్పవలసినవి ఆ పేర్లే.

పరశురాముడు తండ్రిని వరము కోరి తల్లిని బ్రతికించుకొనెను. తన వధ ఆమెకు జ్ఞప్తి యుండరాదనియు కోరెను. పురాణమునకు ఆ సౌలభ్యము కలదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో, ఎల్.బి.నగర్‌లో అట్టి వరమిచ్చువారు లేరు.