శిశుపోషణము: తూనికకు తక్కువైన బిడ్డ

క్రిందటి మాఘమాసమున మేము జమ్మలమడుగు చేరువనున్న యొక పల్లెకు సీమంతమునకై పోయియుంటిమి. భోజనముల వేళ ఆ యింటి కోడలు రెండవ సంగటిముద్ద కందుకొనబోగా, అత్తగారు చేయి పట్టుకొని, "సాల్లేమ్మా, బిడ్డ లావైతే కానుపు కష్టమైతాది" అనిరి. ఆమె పిసినారి కాదు, కఠినురాలును కాదు. కోడలి ప్రాణమునకు జడిసి యన్నమాట అది. ప్రొద్దుటూరునను, పులివెందులనను గూడ మేమీమాట వినియున్నాము. జమ్మలమడుగున క్యాంబెలు ఆసుపత్రి వెలసి నూరేండ్లు దాటినది గాని, వంటయింటి శాస్త్రము వంటయింటనే నిలిచినది.

సోదరీమణులారా, ఈ నమ్మకము బిడ్డకు చేటు. తల్లి కడుపు మాడ్చుకొన్నచో బిడ్డ యొంటి కండయు, కొవ్వును ముందుగా తగ్గును. తల పెరుగుదల కడపట గాని తగ్గదు. కావున కానుపు సులభము కాదు, బిడ్డ మాత్రము బక్కచిక్కును. తల్లికి నొప్పులనాటికి సత్తువ చాలదు.

పుట్టినప్పుడు 2,500 గ్రాములకు లోపుగా తూగిన శిశువును తక్కువ బరువు బిడ్డ యందురు. 37 వారములు నిండకమున్నే పుట్టినవారు కొందరు, నెలలు నిండియు కడుపులో పెరుగనివారు కొందరు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, బరువు తెలిసిన శిశువులలో 100కి 18 మంది ఇట్టివారే. వీరికి ఒంటివేడి నిలువదు, పాలు చప్పరించు శక్తి తక్కువ, జబ్బులు సులభముగా సోకును.

కారణము గర్భముతోనే మొదలు కాదు. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశమున 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో 100కి 29 మందికి 18 నిండకమున్నే పెండ్లియైనది. తానే యింకను ఎదుగుచున్న పిల్ల మరియొక ప్రాణిని పెంచుట యెట్లు? వెంటవెంట కాన్పులు, రక్తపుపోటు, మూత్రమున చీము, ఆకువక్కతో నమలు పొగాకు, ఇంటిలోని బీడీపొగ, కట్టెలపొయ్యి పొగ, ఇవన్నియు బిడ్డ బరువును హరించునవే. కవలలు సహజముగనే తేలికగా నుందురు.

అన్నిటికంటె మాకు దిగులు గొలుపునది రక్తహీనత. మన రాష్ట్రపు గర్భిణులలో సగమునకు మించినవారికి ఇది కలదు. ఇనుపమాత్రలు ఊరకనే యిచ్చుచున్నారు. దినమున కొకటి చొప్పున 180 దినములు మ్రింగవలెను. బిడ్డ నల్లగా పుట్టునని వానిని పెరటిలో పారవేసిన యొకామెను మే మెరుగుదుము! నల్లబడునది మలము, బిడ్డ కాదు. కడుపులో త్రిప్పినచో రాత్రి పరుండబోవునప్పుడు వేసికొనవచ్చును. సున్నపుమాత్రతో కలిపి వేసికొనరాదు. తినిన వెంటనే టీ త్రాగరాదు. పులివెందుల చీనీకాయ యొకటి తిన్నచో ఇనుము బాగుగా నొంటబట్టును.

తిండికి దూరము పోనక్కరలేదు. రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నము, ఉలవలు, చెనిక్కాయలు, ఆకుకూరలు మన సీమవే. పాలు, గ్రుడ్డు కలిసిన మరియు మేలు. మామూలుకంటె ఒక పూట అధికముగా తినవలెను. పగలు కొంతసేపు నడుము వాల్చవలెను. ప్రత్తితీతకు పోవు గర్భిణికి ఈ విశ్రాంతి యెవరిత్తురని మీరడుగవచ్చును. ఇంటివారే యియ్యవలెను. బరువు నెలనెలా తూచుకొనవలెను. ముఖము, చేతులు వాచినను, తలనొప్పితో చూపు మసకబారినను, బిడ్డ కదలిక తగ్గినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

ఆ కోడలు ప్రొద్దుటూరున ప్రసవించినది. ఆడబిడ్డ, 2,100 గ్రాములు. తిండి యొకటే కారణమని మేమనజాలము. రక్తమును తక్కువగనే యుండెను. ముర్రుపాలు పట్టించిరి, స్నానము వాయిదా వేసిరి. బిడ్డను బట్ట అడ్డములేక రొమ్మున కానించుకొని కప్పుకొమ్మని నర్సు నేర్పినది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, వేడిపెట్టెలు చాలని యాసుపత్రిలో మొదలైన పద్ధతి యిది. తల్లి యలసినప్పుడు ఇంటివారెవరైనను చేయవచ్చును.

మేము చూడబోయిన దినమున అత్తగారే మనుమరాలిని రొమ్మున కట్టుకొని గోడ కానుకొని కూర్చుండిరి. కోడలు ప్రక్కన సంగటి తినుచుండెను, రెండవ ముద్ద.