తోడు కావాలా అని ముందు ప్రయాణికుణ్ణే అడగాలి

శంషాబాద్ పేరు చెప్పగానే అందరికీ విమానాశ్రయం గుర్తుకొస్తుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉందానగర్ రైల్వే స్టేషన్ ఉంది. 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఎంఎంటీఎస్ రైళ్లను అక్కడిదాకా పొడిగించారు. ఆ చుట్టుపక్కల బస్తీల్లో ఉంటూ పనికీ, ఆస్పత్రికీ, కాలేజీకీ వెళ్లివచ్చేవారికి తలమీదుగా ఎగిరే విమానంకంటే ఈ రైలే దగ్గరి చుట్టం. మన సంఘాల్లోని వికలాంగులకైతే దూరప్రయాణమంటే రైలే. అందుకే రైల్వే వారికిచ్చే రాయితీ ఎవరికి అందుతోందో, ఎవరి దగ్గర ఆగిపోతోందో ఈ వారం కాస్త నిదానంగా చూద్దాం.

ముందుగా మంచి మాట చెప్పుకోవాలి. 2020 మార్చి 20 నుంచి వయోవృద్ధుల రాయితీతో సహా చాలా రాయితీలను రైల్వే ఆపేసింది. ఆరోజు కూడా నాలుగు రకాల వికలాంగులకు, 11 రకాల రోగులకు, విద్యార్థులకు మాత్రం రాయితీ కొనసాగించింది. ఆ నాలుగు రకాలు ఏవంటే, తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులు, తోడు లేకుండా ప్రయాణించలేని బుద్ధిమాంద్యులు, చూపు పూర్తిగా లేనివారు, వినికిడి మాట రెండూ పూర్తిగా లేనివారు. మొదటి మూడు రకాలవారికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చెయిర్ కార్‌లలో 75 శాతం తగ్గింపు ఉంటుంది. ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీలలో 50 శాతం. రాజధాని, శతాబ్ది రైళ్లలోని థర్డ్ ఏసీ, చెయిర్ కార్‌లలో 25 శాతం. నాలుగో రకంవారికి సెకండ్ క్లాస్, స్లీపర్‌లలో 50 శాతం. ప్రయాణికుడి వెంట వెళ్లే ఒక్కరికీ అదే తగ్గింపు వర్తిస్తుంది.

ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మూల చార్జీ 400 రూపాయలనుకుందాం. 75 శాతం తగ్గితే ఒక్కొక్కరికి 100 చొప్పున, ఇద్దరికీ కలిపి 200 అవుతుంది. ఒక మనిషి కదలాలంటే రెండు టికెట్లు కొనక తప్పని ఇళ్లున్నాయని ఈ నిబంధన రాసినవారికి తెలుసు. కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి ఏటా రెండుమూడుసార్లు వెళ్లివచ్చే కుటుంబానికి ఆ తేడా ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రైలు రాయితీ మాత్రం ఆ నాలుగు రకాల దగ్గరే ఉంది. అందులోనూ ‘పూర్తిగా’ అనే మాట కాపలా కాస్తోంది. చూపు చాలావరకు పోయి, కాస్త వెలుగు మాత్రమే తెలిసేవారికి ఈ రాయితీ లేదు. పుట్టు చెవుడున్న పిల్లకు తల్లి ఏళ్ల తరబడి శ్రమపడి మాటలు నేర్పించిందనుకోండి, ఆ పిల్ల మాట్లాడగలదు కాబట్టి రాయితీ రాదు. ఆమె, ఆమె తల్లి అదే స్లీపర్ బోగీలో వెళ్తే 800 కట్టాలి. పక్క బెర్తుల్లో రాయితీ మీద వెళ్లే ఇద్దరు 200 కడతారు. ఆ ఇద్దరికీ ఎక్కువ ఇచ్చారని మన బాధ కాదు. తల్లీకూతుళ్ల ఇంట్లో ఖర్చూ అదేనన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదన్నదే బాధ.

ఇక ‘తోడు లేకుండా ప్రయాణించలేని’ అనే మాట. చూపులేనివారు, వినికిడి మాట లేనివారు ఒంటరిగా వెళ్లినా, తోడుతో వెళ్లినా రాయితీకి అర్హులు. క్యాన్సర్ చికిత్సకు వెళ్లే రోగి విషయంలోనూ నిబంధన ఇలాగే ఒంటరిగానైనా, తోడుతోనైనా అంటుంది. కాళ్లు పడిపోయినవారి దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోయింది. వారు తోడు లేకుండా ప్రయాణించలేరని ప్రభుత్వ డాక్టరు రాసివ్వాలి. పోలియో సోకిన యువకుడు కాలిపర్లు, చంకకర్రలతో సొంతంగా రైలెక్కడం నేర్చుకుంటాడు. ఉద్యోగానికి ఒక్కడే వెళ్లాలని అతని కోరిక. రాయితీ కోసం మాత్రం తనకు చేతకాదని కాగితం పట్టుకు తిరగాలి. చేతనైనదాన్ని చేతకాదని రాయించుకుంటేనే దొరికే మేలు మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో ఆలోచించండి. రాయితీ ఇవ్వవలసింది వైకల్యం వల్ల పెరిగే ఖర్చును చూసి. నిబంధన కొలుస్తున్నది నిస్సహాయతను.

ఒంటరి ప్రయాణం మీద ఈ అనుమానం రైళ్లకే పరిమితం కాదు. 2012 ఫిబ్రవరిలో సెరెబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్ కోల్‌కతా నుంచి గోవాకు ఒక సదస్సు కోసం ఒంటరిగా బయలుదేరారు. విమానంలో కూర్చున్నాక ఆమెను దించేశారు. 2016 మేలో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమని తీర్పు చెప్పింది. వికలాంగుల గౌరవం గురించి అంత గట్టిగా చెప్పిన తీర్పులు తక్కువ. ఆమె అడిగింది జాలి కాదు, తాను టికెట్ కొన్న సీటు.

టికెట్ చేతికొచ్చాక మరో మెట్టు ఉంది. చాలా రైళ్లలో వికలాంగుల బోగీ రైలు చివరో, ఇంజను పక్కనో వస్తుంది. రైలు ఆగేది కొద్ది నిమిషాలు. ప్లాట్‌ఫారం ఎత్తు చాలక, లిఫ్టు పనిచేయక, వీల్‌చెయిర్ సమయానికి రాక రైలు తప్పిపోతే 75 శాతం తగ్గింపు ఎందుకు పనికొస్తుంది? చూపులేని రాజీవ్ రటూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పునిచ్చింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదనీ, తప్పనిసరి నిబంధనలు చేయాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమే. దేశానికి దారి చూపిన పని మన నగరం అంచునే జరిగింది. ఆ ఫలితం ఉందానగర్ ప్లాట్‌ఫారం మీదా కనబడాలని కోరడం అత్యాశ కాదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. చట్టం గుర్తించిన 21 రకాలను రైలు రాయితీ కూడా గుర్తించాలి. అందరికీ ఒకే శాతం ఇవ్వలేకపోతే వైకల్య శాతాన్ని బట్టి ఇవ్వవచ్చు. ఒంటరిగా వెళ్లాలో, తోడుతో వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు నాలుగు రకాలవారికీ సమానంగా ఉండాలి. ఖజానా భారమవుతుందని అంటారు. నిజమే, కొంత భారం ఉంటుంది. మనిషి ఇంట్లోనే ఉండిపోతే చదువూ, వైద్యమూ, సంపాదనా ఆగిపోతాయి. ఆ నష్టం ఏ పద్దులోనూ కనబడదు, ఆ ఇల్లు మాత్రం మోస్తూనే ఉంటుంది.

ఈలోగా సంఘాలు చేయగలిగిన పనులున్నాయి. మీ సంఘంలో రాయితీకి అర్హులై ఉండి కూడా కార్డు లేనివారెందరో కనుక్కోండి. సదరం సర్టిఫికెట్ ఉంటే చాలనుకుని కౌంటర్ దగ్గర నిరాశపడేవారున్నారు. రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరు ఇచ్చే రాయితీ పత్రం కావాలి. దాని ఆధారంగా రైల్వే ఇచ్చే ఫొటో గుర్తింపు కార్డు ఉంటే ఆ నంబరుతో ఆన్‌లైన్‌లోనే టికెట్ తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ కార్డుకు దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. యువజన కూటంలో ఫోన్ వాడటం తెలిసిన ఇద్దరు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే నలుగురి దరఖాస్తులు పూర్తవుతాయి. తత్కాల్ టికెట్లకు రాయితీ లేదనీ, తగ్గింపు మూల చార్జీ మీదేననీ, స్లీపర్‌లో వికలాంగుల కోటా కింద నాలుగు బెర్తులుంటాయనీ వారికి ముందే చెప్పండి. తోడు వెళ్లేవారు దొరకక ఆస్పత్రి తేదీ వాయిదా వేసుకుంటున్నవారికి సంఘం నుంచి ఒకరిని పంపండి.

పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దించిన సంగతి మనం తరచుగా బోధిస్తాం. అటువంటి తోడు అవసరమైనవారు మన మధ్య ఉన్నారు. యెరికో దారిలో బర్తిమయి ఒంటరిగానే లేచి ప్రభువు దగ్గరికి వచ్చాడు. అతని గుడ్డితనం అందరికీ కనబడుతూనే ఉన్నా, ఏమి కావాలో ప్రభువు అతన్నే అడిగాడు. రైల్వే నిబంధన మారడానికి కొంతకాలం పట్టవచ్చు. అలా అడగడం మాత్రం మనం వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.